పెట్టెలకు దారి వేశారు సరే, ఓడలో ఉన్న మనిషికో?

షాంఘై డోంగ్‌హై వంతెన ఫోటో మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. సముద్రం దాటుతూ మొత్తం 32.5 కిలోమీటర్లు అని అందరూ ముచ్చటపడుతున్నారు. పడాల్సిందే. 2002లో పని మొదలుపెట్టి, 2005 డిసెంబర్ కల్లా ఆరు లేన్ల మీద లారీలు నడిపించేశారు. యాంగ్జీ నది మోసుకొచ్చే ఒండ్రుతో షాంఘై ఒడ్డున పెద్ద కంటైనర్ షిప్పులకు లోతు చాలలేదు. అందుకే పదిహేను మీటర్ల పైన లోతున్న యాంగ్‌షాన్ దీవుల దగ్గర పోర్టు కట్టి, దాన్ని ఈ వంతెనతో ఊరికి కలిపారు. 2010 నుంచి కంటైనర్లలో ప్రపంచంలో షాంఘైదే మొదటి స్థానం.

నేను షిప్పులో పనిచేసేవాణ్ని. మా శ్రీకాకుళం జిల్లా కుర్రాళ్లు ఇలా ఎంతమంది ఓడలెక్కారో ఉద్దానంలో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. మేం ఈ వంతెనను డెక్ మీద నుంచి చూస్తాం. క్రేన్ కిందికి దిగి, కంటైనర్ పెట్టెను నాలుగు మూలలా పట్టి, గాల్లోకి లేపి ఒడ్డున పెడుతుంది. 2017లో తెరిచిన నాలుగో దశ టెర్మినల్‌లోనైతే ఆ పెట్టెను అందుకునే బండికి డ్రైవరే ఉండడు. కాసేపటికి అది లారీ ఎక్కి వంతెన మీదికి పోతుంది. దాన్ని వారాల తరబడి తుపానుల్లో కాపాడుకొచ్చినవాడు మాత్రం ఇంజిన్ రూమ్ వేడిలోంచి పైకొచ్చి, ఓడ దిగే మెట్ల దారి, అదే గ్యాంగ్‌వే దగ్గర నిలబడి చూస్తుంటాడు.

ఊరు ముప్పై కిలోమీటర్లకు పైగా అవతల. వంతెన మీద నడవడానికి లేదు. షిప్పు ఒడ్డున ఉండేది కొన్ని గంటలే, అందులో సగం డ్యూటీకే పోతుంది. మిగిలిన కాస్త టైంలో కారు మాట్లాడుకుని వెళ్లొద్దామంటే, తిరిగొచ్చేసరికి షిప్పు కదిలిపోతుందేమోనని టెన్షన్. పాత రోజుల్లో షాంఘై ఊళ్లోంచి పారే హువాంగ్‌పూ నది రేవుల్లో ఓడ కడితే దిగి ఊళ్లోకి నడిచిపోయేవారు. ఆ రేవులతోపాటే ఆ సుఖమూ పోయింది.

షోర్ లీవ్, అంటే ఓడ రేవులో ఉన్నప్పుడు దిగి ఒడ్డున తిరిగొచ్చే సెలవు, ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది. దాన్ని భారత్, చైనా రెండూ 2015లోనే ఆమోదించాయి. నెలల తరబడి ఇనుప గోడల మధ్య అవే ముఖాలు చూసేవాడికి రెండు గంటలు నేల మీద తిరగడం, ఇంటికి తీరిగ్గా ఫోన్ చేసుకోవడం, వేడి టీ తాగడం ఎంత అవసరమో ఒడ్డునున్న వాళ్లకు తెలియదు. నిద్ర పట్టక నలిగిపోయే వాళ్లను నేను చూశాను.

ఈ బాధ ఒక్క షాంఘైదే కాదు. లోతు కోసం ఊరికి దూరంగా జరిగిన ప్రతి కొత్త పోర్టుదీ ఇదే కథ. రేపు మహారాష్ట్రలో వాధవన్ పోర్టు వస్తోంది. మా జిల్లాలోనే మూలపేట పోర్టు కడుతున్నారు. రోడ్డు ఎన్ని లేన్లు, రైలు ఎక్కడ కలుస్తుంది అని ఇప్పుడే లెక్కలు వేస్తున్నారు కదా, ఆ లెక్కల్లోనే నావికులకు రాత్రీ పగలూ తిరిగే ఒక ఉచిత బస్సును, గేటు దగ్గర కూర్చోవడానికి ఒక గదిని కలపండి. ఆ ఖర్చు షిప్పులు కట్టే పోర్టు ఛార్జీల్లోంచే తీయండి. మూలపేటలో ఓడ దిగిన ఫిలిప్పీన్స్ కుర్రాడు కూడా టెక్కలి దాకా వెళ్లి వేడి అన్నం తిని, టైంకి వెనక్కి రాగలగాలి.