ఆ ఐదు శాతం భూమి ఎక్కడ?

రాజధాని కోసం సమీకరించిన భూమిలో ఐదు శాతం పేదల ఇళ్లకు ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఆ మాట ఏమైందో చూద్దాం. 2023 మే 26న వెంకటపాలెం సభలో 50,793 పేద కుటుంబాలకు రాజధాని అమరావతిలో ఇంటి పట్టాలు పంచడం మొదలైంది. ఒక్కొక్కరికి సెంటు స్థలం, అంటే 48 గజాలు. జులై 24న కృష్ణాయపాలెంలో ఇళ్లకు శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత పది రోజులకే, ఆగస్టు 3న, నిర్మాణాలపై హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ స్థలాల్లో ఒక్క కుటుంబం కూడా పాలు పొంగించుకోలేదు. పట్టా కాగితం బీరువాలో ఉంది, నెల తిరిగేసరికి అద్దె కట్టే బాధ ఎప్పటిలాగే ఉంది.

ఇదంతా ఆర్-5 జోన్ కథ. అమరావతి మాస్టర్ ప్లాన్‌లో నివాస ప్రాంతాలకు ఆర్-1 నుంచి ఆర్-4 దాకా నాలుగు జోన్లే ఉండేవి. చట్టాన్ని సవరించి, పేదల ఇళ్ల కోసమని ఐదో జోన్‌ను తర్వాత చేర్చారు. మందడం, ఐనవోలు, కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు గ్రామాల్లో దాదాపు 900 ఎకరాలు అందులోకి వెళ్లాయి. పంపిణీ నాటికి అది 1,402 ఎకరాలైంది. రాజధానికి భూములిచ్చిన రైతులు అభ్యంతరాలు చెప్పారు, కోర్టుకెళ్లారు. పట్టాలు ఇవ్వవచ్చని, అవి హైకోర్టు తుది తీర్పుకు లోబడే ఉంటాయని సుప్రీంకోర్టు చెప్పింది.

రైతుల కోపంలో న్యాయం ఉందని మేము అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటున్నాం. ఏడాదికి రెండు మూడు పంటలు తీసే జరీబు భూమిని, ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం వస్తాయన్న హామీ మీద ప్రభుత్వం చేతిలో పెట్టారు. ఆ రోజు వాళ్ల ముందు పరిచిన పటం ఒకటి, తర్వాత మార్చిన పటం ఇంకొకటి. ఇచ్చిన మాట మార్చేటప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. అది జరగలేదు.

కానీ ఆ గొడవలో ఇంకో మాట కూడా వినపడింది. పేదల కాలనీ వస్తే చుట్టుపక్కల ప్లాట్ల రేటు పడిపోతుందని, ఊరు స్వరూపమే మారిపోతుందని. ఈ మాటను మేము ఒప్పుకోం. రాజధానికి కేవలం సచివాలయ అధికారులు, ఎమ్మెల్యేలు, పెద్ద కంపెనీలు సరిపోవు. ఐనవోలు, నీరుకొండ యూనివర్సిటీ హాస్టళ్లలో వంట చేసేవాళ్లు, మంగళగిరి ఎయిమ్స్‌లో వార్డులు తుడిచేవాళ్లు, ఇప్పుడు లేస్తున్న టవర్ల మీద సెంట్రింగ్ కట్టేవాళ్లు సాయంత్రం ఎక్కడికి వెళ్లాలి?

అసలు ఈ ప్రశ్నకు సమాధానం ఆర్-5 కంటే ముందే చట్టంలో ఉంది. రాజధాని నిర్మాణం చూసే సంస్థ సీఆర్‌డీఏ. ఆ సీఆర్‌డీఏ చట్టం 53వ సెక్షన్ ప్రకారం సమీకరించిన భూమిలో ఐదు శాతం పేదల ఇళ్లకు కేటాయించాలి. 2015లో సమీకరణకు వచ్చింది 33 వేల ఎకరాలకు పైనే. లెక్క వేస్తే 1,600 ఎకరాలు దాటుతుంది. దీన్ని ఎవరి దయగానో చూడనక్కర్లేదు. రైతులకు ప్లాట్లు ఇస్తామన్న చట్టమే ఈ మాట కూడా ఇచ్చింది. ఒక మాటను పట్టుకుని ఇంకో మాటను వదిలేయడం కుదరదు. రైతు సంఘాల పెద్దలకు మేము గౌరవంగానే చెబుతున్నాం, ఈ ఐదు శాతం కోసం మీరే ముందు నిలబడితే మీ పోరాటానికి ఇంకా బలం వస్తుంది.

ఇక ఇళ్లు ఎలా కట్టాలన్నది. 1,402 ఎకరాల్లో 50 వేల కుటుంబాలంటే ఎకరానికి 36 ఇళ్లు. సెంటు భూమిలో గోడకు గోడ ఆనించి కడితే గాలి రాదు, ఆటో తిరగదు. అదే నేలలో పట్టణ పేదలకు ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టే తరహాలో నాలుగంతస్తుల బ్లాకులు కడితే ఇంకా ఎక్కువ మందికి చోటు దొరుకుతుంది, బడికి, పార్కుకు జాగా మిగులుతుంది. అమరావతిలో ఇలాంటి టిడ్కో ఇళ్లు ఐదు వేలకు పైగా ఇప్పటికే ఉన్నాయి. 300, 365, 430 చదరపు అడుగులు, అంతే. ఇరుకు కాదని మేము అనం. సొంత నేల ఉంటే చాలు, పైన రేకులేసుకున్నా బతుకుతాం అనే అమ్మలనూ మేము విన్నాం. ఆ ఆశను తేలిగ్గా తీసిపారేయలేం. అయితే పని దొరికే చోటికి నడిచి వెళ్లగలిగే రెండు గదులు, బస్సు రాని చోట ఉన్న సెంటు స్థలం కంటే మేలని మా నమ్మకం. మోటారు చెడితే ఎవరు బాగు చేయిస్తారు, మెయింటెనెన్స్ డబ్బు ఎంత అన్నది మాత్రం తాళాలు ఇచ్చే రోజే కాగితం మీద తేల్చాలి.

ఇందులో తొలి హక్కు ఎవరిదో కూడా చెప్పాలి. రాజధాని పరిధిలోని 29 గ్రామాల్లో సెంటు భూమి లేని కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అరటి తోటలు, కూరగాయల మళ్లు, మల్లె తోటలు పోయిన రోజే వాళ్ల కూలీ పోయింది. రైతుకు ప్రభుత్వం నుంచి కౌలు, ప్లాట్లు వచ్చాయి. వీళ్లకు మొదట వచ్చింది నెలకు 2,500 పింఛను, 2024లో దాన్ని 5,000 చేశారు. ఈ పదేళ్ల చర్చలో వాళ్ల గొంతు దాదాపు వినపడలేదు. మా పత్రిక కూడా వాళ్ల గురించి రాయాల్సినంత రాయలేదు.

పట్టాలు అందుకున్నవాళ్లకు వాళ్ల సొంత ప్రాంతాల్లోనే స్థలాలు ఇస్తామని ఇప్పటి ప్రభుత్వం చెబుతోంది. వినడానికి బాగుంది. విజయవాడలో అద్దెకుండే కుటుంబానికి సొంత ప్రాంతంలో చవక నేల ఎక్కడుంది? పల్లంలో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తు దాకా నీళ్లలో నిలబడ్డవాళ్లను రాష్ట్రమంతా చూసింది. చవక నేల కోసం వెతుక్కుంటూ పేదలు చేరేది అలాంటి చోటికే. మళ్లీ అక్కడికే పంపి, లెక్క సరిపోయిందంటే ఊరుకోలేం.

రాజధాని పనులు 2025 మేలో మళ్లీ మొదలయ్యాయి. మాస్టర్ ప్లాన్‌లో ఆ ఐదు శాతం ఏ ఊరి పరిధిలో, ఏ రోడ్డు పక్కన, ఎన్ని ముక్కలుగా ఉందో సర్వే నంబర్లతో సహా సీఆర్‌డీఏ ప్రకటించాలి. అంతా ఒకే చోట పోగుపోయకుండా 29 గ్రామాలకూ పంచాలి. రైతులు, కూలీలు, ఇంటి పట్టాలు అందుకున్నవాళ్లు ముగ్గురినీ ఒకే గ్రామసభలో కూర్చోబెట్టి ఆ పటం ముందు పెట్టాలి. టవర్లకు టెండర్లు పిలిచినంత వేగంగా ఈ పని కూడా జరగాలని మా డిమాండ్.