సరస్సు ఒడ్డున చిలక్కొయ్య

అడవి నడుమ సరస్సు ఒడ్డున "లోతు ఎక్కువ, ఈత ప్రమాదకరం" అని రాసి ఇనుప బోర్డు ఎందుకు పాతుతారో నాకు చాలాకాలం బోధపడలేదు. మొన్న ఒక ఆదివారం కళ్లారా చూసి జ్ఞానం పొందాను. అది చొక్కాలు తగిలించుకోవడానికి. "లోతు ఎక్కువ" మీద గళ్ల చొక్కా, "ప్రమాదకరం" మీద తడి తువ్వాలు వేలాడుతుండగా, మిగిలిన "ఈత" అనే మాట వచ్చేపోయేవారిని సాదరంగా ఆహ్వానిస్తోంది.

బోర్డు పక్కన, మునిగేవారికి విసరడానికి ఉంచిన రింగూ దాని తాడూ ఉండాలి. తాడును మన వీరులు విప్పి నీళ్ల మీదికి వంగిన కొమ్మకు ఉయ్యాల కట్టారు. రింగును వారి నాయకుడు పీటగా వేసుకుని కూర్చున్నాడు. ఆయన కాలి బొటనవేలు ముంచి "గోరువెచ్చగా ఉన్నాయి" అని ప్రకటించాడు. ఎండ తగిలే పైపొర కింద నీరు ఎంత చల్లగా ఉంటుందో బొటనవేలికి తెలియదు కదా. గాలికంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. 15 డిగ్రీలకంటే చల్లని నీటిలో ఒక్కసారిగా పడితే మనిషి తనకు తెలియకుండానే ఎగశ్వాస తీస్తాడు, ఆ క్షణాన నోరు నీటిలో ఉంటే లోపలికి పోయేది గాలి కాదు. అందుకే మెల్లగా దిగాలి, పొరపాటున పడితే ఊపిరి కుదుటపడే దాకా వెల్లకిలా తేలాలి. నాయకుడి వైద్యం వేరు: "ఒక్క దూకు దూకితే చలి పోతుంది!"

తరువాత ఆయన ఒడ్డునుంచే లోతు కొలిచి "నడుము దాకానే" అన్నాడు. నీటి అడుగు ఎప్పుడూ ఉన్నదానికంటే పైకి కనిపిస్తుందనీ, నడుము లోతు అనుకున్నది ఛాతీ దాకా రావచ్చుననీ బడిపిల్లలు చదువుకుంటారు. ఆకులు కుళ్లి టీ రంగు తిరిగిన ఆ నీటి అడుగున మోడు ఉందో, బండ ఉందో తలకిందులుగా దూకే మెడ ఒక్కటే కనిపెట్టగలదు.

ఒక్క మెప్పు మాత్రం వారికి ఇవ్వాలి. ఒడ్డెక్కాక కూడా కాసేపు ఒంటి వేడి పడిపోతూనే ఉంటుంది కనుక వెంటనే పొడిబట్ట కట్టుకోవాలి. చొక్కా బోర్డు మీద సిద్ధంగానే ఉంది.

2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారందరూ ఈత రానివారేనని నాయకుడి అభిప్రాయం.

మునిగేవాడు అరవడు. ఊపిరికే నోరు చాలనివాడు కేక ఎక్కడ వేస్తాడు? తల వెనక్కి వాలి, చేతులు నీటిని అదుముతుంటే, ఒడ్డునున్న దద్దమ్మలు ఆట అనుకుని ఫోన్లో వీడియో తీస్తారు. చాలాసార్లు ఒక్క నిమిషంలోపే అంతా అయిపోతుంది. ఆ నిమిషంలో కావలసిన తాడు ఎక్కడుంది? కొమ్మకు! తడిసి బిగిసిన ముడిని గోళ్లతో పీకుతూ ఎంతసేపు నిలబడతారు? నిలబడలేక స్నేహితుడు దూకితే, ప్రాణభయంతో మునిగేవాడు వాడి మెడనే పట్టుకుంటాడు; ఒక శవం కోసం వెదికేవాళ్లకు రెండు దొరుకుతాయి. పది మంది పోగై ఒక్క తాడును దాని చోట ఉండనివ్వలేకపోయారే, సిగ్గులేదూ!

నేనే వెళ్లి ముడి మీద చెయ్యి వేశాను.

"ఇంకొక్క ఊపు, అంకుల్," అన్నారు.