అట్టలేసిన పార్వతీశం

నరసాపురంలో పుస్తకాల షాపంటే గైడ్లు, నోట్సులు, జామెట్రీ బాక్సులు. అలాంటి చోట నెలకో ఆదివారం కథల పుస్తకాల గురించి మాట్లాడుకుందామని అడిగితే, షాపాయన "ఆయ్, దానికేముందండి" అని ప్లాస్టిక్ కుర్చీలు వేయించేశారు. టీ ఖర్చూ ఆయనదే. ఆ మంచితనమే కొంప ముంచింది.

ఏ పుస్తకమా అని తర్జనభర్జనలేం పడలేదు. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు వెళ్లిన కథ, మొక్కపాటివారి 'బారిస్టర్ పార్వతీశం' ఉండగా, పక్కూరివాణ్ణి వదిలేసి ఇంకెవర్ని చదువుతాం? 1924లో మొదటి భాగం, ఆ తర్వాత ఇంకో రెండు. షాపులో ఆ మూడు భాగాలూ విడివిడిగా ఉన్న పాత సెట్టు ఒకటుంది. చదివేవాళ్లూ ముగ్గురే. లెక్క సరిపోయిందనుకుని షాపాయన తలా ఒకటి పంచేశారు. పంచేముందు, చేతికున్న అలవాటు ఊరుకోదు కదా, మూడింటికీ బ్రౌన్ అట్టలు వేసి, లేబుళ్లు అంటించి, 'సబ్జెక్టు: తెలుగు' అని గుండ్రంగా రాశారు. తరగతి దగ్గర మాత్రం గీత పెట్టారు. లోపలి మొదటి కాగితం ఎవరు చూస్తారండీ, కథలోకి దూకడమే.

ఆదివారం రిటైరైన లెక్కల మాస్టారు, లేసుల వ్యాపారం చేసే పిన్నిగారు, సఖినేటిపల్లి నుంచి పంటెక్కి గోదావరి దాటొచ్చిన కొబ్బరికాయల ఆసామీ కూర్చున్నారు. నేను గొంతు సవరించుకునేలోపే మాస్టారు నవ్వు అందుకున్నారు.

"తెలీక ఆడవాళ్ల టోపీ కొనేశాడు చూశారూ..."

"టోపీ ఏవిటండీ? బుద్ధిగా చదువుకుంటుంటేనూ" అన్నారు పిన్నిగారు.

"ఇంకా చదువేంటండి బాబూ, బారిస్టరైపోయి ఎప్పుడో ఇంటికొచ్చేశాడు" అన్నాడు ఆసామీ.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. మిగతా ఇద్దరూ పుస్తకం ముట్టుకోలేదని ఎవరికి వాళ్లకే రూఢి అయిపోయింది.

"చదవకపోతే చదవలేదని చెప్పాలి. కట్టుకథలెందుకు?" మాస్టారి గొంతులో సర్వీసంతా పలికింది. "యాభయ్యో పేజీ తియ్యండి!"

ముగ్గురూ తీశారు. పంతం కొద్దీ ముగ్గురూ ఒక్కసారే పైకి చదివారు. గైడు కొనడానికొచ్చిన ఒకాయన ఆ గోలకి ఆగి, "మావాడికీ ఇదే సిలబస్సాండి?" అని కంగారుపడ్డాడు.

చివరికి నేను అట్టలు ఊడబీకితే భాగాలు బయటపడ్డాయి.

"పేరొకటే కదాండీ!" అన్నారు షాపాయన. ఆయన బాధల్లా చిరిగిన అట్టల గురించే.

సరే, పుస్తకాలు మార్చుకోండి అన్నాను. "తిరిగొచ్చేస్తాడని ఈయన చెప్పేశాక ఇంకేం చదవను" అని పిన్నిగారు అలిగారు. మాస్టారు మొదటి భాగం చంకలో ఇరికించుకుని, ఇంకోసారి చదివితే గానీ ఇవ్వనన్నారు. పంటు వెళ్లిపోతుందంటూ ఆసామీ రేవుకి పరిగెత్తాడు.

షాపాయన మాత్రం భరోసా ఇచ్చారు. "ఇంకో రెండు సెట్లు తెప్పించేస్తానండి. ఈసారి అట్ట మీద ప్లాస్టిక్ కవరు కూడా వేసిస్తాను, ఎవరూ చింపడానికి వీల్లేకుండా."