కొంచెం పక్కకు జరగండి దాయ్, ఫ్రేములో పడుతున్నారు

తెల్లారి అయిదింటికి మా బావమరిది ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టాడు. తెల్లటి ఎవరెస్టు కొండ, దాని మీంచి జారుతున్న ఓ నల్లచుక్క. కెమెరా దగ్గరికెళ్తే ఆ చుక్క మనిషి, కాళ్లకి స్కీలు. వెనకాల చెవులు పగిలే సంగీతం. కింద పెద్దక్షరాల్లో: "ఎవరి తోడూ లేదు. ఎవరి సాయమూ లేదు. ఒక్కడే! నువ్వెందుకు చెయ్యలేవు?"

"మరి ఈ వీడియో ఎవడు తీశాడ్రా?" అని అడిగాను.

"నీకు ప్రతిదాంట్లోనూ నెగెటివే కనిపిస్తుంది బావా" అన్నాడు. దానికి మా మేనల్లుడు థంబ్సప్ కూడా కొట్టాడు.

ఇది మా ఇంటి తగాదా అనుకోకండి. శాస్త్రీయంగా తేలాల్సిన విషయం. మనిషి జారుతుంటే కెమెరా ఆయన పక్కనే జారుతోంది, ముందుకొస్తోంది, పైకి లేచి కొండ చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. ఇంత భక్తి గల కెమెరాని ఆడించేవాడు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కదా. వాడికి చలెయ్యదా? ఆకలెయ్యదా? వాడి డేరా దానంతటది నడిచి కొండెక్కిందా?

ఎవరెస్టు మీద ఆ చిత్రీకరణ ఎలా జరిగి ఉంటుందో కళ్లు మూసుకుంటే నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఎత్తు 8,848.86 మీటర్లు. కథానాయకుడు ప్రార్థనా జెండాల పక్కన నిలబడి శూన్యంలోకి చూస్తున్నాడు.

"సార్, ఇంకొంచెం ఒంటరిగా చూడండి" అంటాడు కెమెరా ఆయన. సార్ చూస్తాడు. "అద్భుతం. కానీ వెనకాల ఎర్ర జాకెట్టు పడుతోంది. దాయ్, మీరు కొంచెం పక్కకు జరగండి."

ఆ దాయ్ (నేపాలీలో అన్న), అంటే రాత్రంతా ముందు నడిచి, మోకాలి లోతు మంచు తొక్కి దారి చేసిన షెర్పా, పక్కకు చూస్తాడు. ఎవరెస్టు కొసన పక్క ఎక్కడుంటుంది? అటు జరిగితే కాంగ్‌షుంగ్ గోడ, కిందికి మూడు కిలోమీటర్లు. పైగా పడేది చైనాలో, వీసా లేదు. చేసేదేం లేక ఉన్నచోటే ముడుచుకు కూచుంటాడు.

"సూపర్. ఆ సంచీ కూడా దాచేయండి. అందులో ఏముంది?"

"సార్ స్కీ బూట్లు తెచ్చిన సంచీ అండి."

"మరి స్కీలు?"

"మా తమ్ముడు మోశాడు. వాణ్ణి కూడా ముడుచుకోమంటారా?"

"ముడుచుకోమనండి. ఇంకెంతమందున్నారు?"

తాడు బిగించినవాళ్లు, డేరాలు మోసినవాళ్లు, డ్రోను బ్యాటరీలు గడ్డకట్టకుండా చొక్కా లోపల పెట్టుకున్నవాడు, అందరూ వరసగా వంగుతారు. శిఖరం మీద ఒక్క సారే నిటారుగా మిగులుతాడు. గాలి, నిశ్శబ్దం, అనంతం. సరిగ్గా అప్పుడే వాకీటాకీ గరగరమంటుంది. బేస్ క్యాంపు నుంచి వంటాయన: "సార్‌కి రాత్రికి వెల్లుల్లి సూపా, నూడుల్సా?"

"కట్! కట్! ఏకాంతంలో సూపేంటయ్యా!"

ఓ మోస్తరు పెళ్లికి పట్టేటంత మంది పనిచేస్తే తప్ప అక్కడ ఒక మనిషి ఒంటరిగా కనిపించడు. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అనలేదు.

అసలు కొండ మొదట్లోనే ఖుంబూ ఐస్‌ఫాల్ ఉంది, పగుళ్లిచ్చి ముక్కలైన మంచుదిబ్బల వాలు. అక్కడ హిమానీనదం రోజుకి దాదాపు మీటరు జరుగుతుంది. నిన్న వేసిన నిచ్చెన ఇవాళ వంకర తిరుగుతుంది. ప్రతి సీజన్లోనూ అందరికన్నా ముందు అందులోకి దిగి, పగుళ్ల మీద అల్యూమినియం నిచ్చెనలు ఒకదానికొకటి కట్టి పరిచే షెర్పాలకి ఐస్‌ఫాల్ డాక్టర్లని పేరు. సీజను ముగిసేదాకా ఆ నిచ్చెనల్ని సరిచేస్తూనే ఉంటారు. వాళ్ల మీద నేను ఇంతవరకూ ఒక్క మోటివేషన్ వీడియో చూడలేదు.

కొండ దిగినవాళ్లని అనడం లేదు నేను. 2025 సెప్టెంబరు 22న పోలండ్‌కి చెందిన ఆంజెయ్ బార్గియెల్ సిలిండరు ఆక్సిజన్ లేకుండా ఎవరెస్టు ఎక్కాడు. స్కీల మీద దిగుతూ, చీకటి పడితే రెండో క్యాంపులో ఆగి, మర్నాడు బేస్ క్యాంపు చేరాడు. మహత్తరమైన పని. ఇందులో వ్యంగ్యం లేదు. ఐస్‌ఫాల్లో ఎటు తిరగాలో డ్రోను ఎగరేసి చూపించింది ఆయన సోదరుడే. 2018 జులైలో ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కె2 మీంచి దిగినప్పుడూ ఆ సోదరుడు డ్రోనుతో ఉన్నాడు. వాళ్లు ఇవేవీ దాచలేదు. కొండ దిగినవాడు నిజమే చెప్తున్నాడు, కూకట్‌పల్లిలో కూచుని క్లిప్పు కత్తిరించినవాడికే ఆయన ఒంటరివాడు కావాల్సి వచ్చింది.

నిజంగా ఒక్కడే వెళ్లినాయన లేకపోలేదు. 1980 ఆగస్టు 20న రైన్‌హోల్డ్ మెస్నర్ టిబెట్ వైపు నుంచి తోడు లేకుండా, ఆక్సిజన్ లేకుండా ఎక్కాడు. ఆయన చుట్టూ ఏ డ్రోనూ ప్రదక్షిణం చెయ్యలేదు.

ఇప్పుడు నేపాల్ వైపు ఆ పని చేద్దామన్నా కుదరదు. 2017 చివర్లోనే అక్కడి ప్రభుత్వం ఒంటరి ఆరోహణల్ని నిషేధించింది. అంటే ఏసీ హాల్లో ఇంటర్ పిల్లల్ని కూచోబెట్టి మన మోటివేషన్ గురువులు ప్రోత్సహిస్తున్నది సాక్షాత్తూ చట్టవిరుద్ధ కార్యక్రమం. "శిఖరం మీద రద్దీ ఉండదు" అని కూడా చెప్తారు వీళ్లు. 2019 మే నెలలో శిఖరం కింద గట్టు మీద రంగురంగుల జాకెట్లు రేషను షాపు ముందు కన్నా పెద్ద వరసలో నిలబడ్డ ఫొటో ప్రపంచమంతా చూసింది. గురువుగారికి డేటా ప్యాక్ అయిపోయి ఉంటుంది.

సరే, ఇక్కడితో నవ్వులు చాలు.

1970లో జపాన్ నుంచి యుయిచిరో మియురా స్కీలతో ఎవరెస్టుకి వచ్చాడు. మే 6న శిఖరానికి దిగువనున్న సౌత్ కోల్ అనే కనుమ కింద నుంచి, వీపున పారాచూట్ కట్టుకుని జారాడు. మొత్తం 2 నిమిషాల 20 సెకన్లు. చివర్లో పడి దొర్లి, పెద్ద పగులుకి కొద్ది దూరంలో ఆగి బతికాడు. దాని మీద తీసిన సినిమాకి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ వచ్చింది. ఆ రెండు నిమిషాలకి నెల రోజుల ముందు, ఏప్రిల్ 5న, అదే యాత్రకి బరువులు మోస్తున్న ఆరుగురు షెర్పాలు ఖుంబూ ఐస్‌ఫాల్లో మంచు కూలి చచ్చిపోయారు. ఆరుగురు! సినిమాలో వాళ్ల చావు ఉంది. ఇప్పుడు తిరిగే క్లిప్పుల్లో ఉండేది పారాచూట్ ఒక్కటే. ఏ వెధవ కత్తిరించాడో గానీ, వాడు కత్తిరించింది సినిమాని కాదు, ఆరు కుటుంబాల్ని.

2014 ఏప్రిల్ 18 పొద్దున మళ్లీ అక్కడే మంచుగోడ విరిగి పడింది. పదహారు మంది నేపాలీ పనివాళ్లు పోయారు. వేరేవాళ్ల డేరాలు, తాళ్లు, నిచ్చెనలు, సరుకులు మోస్తూ పోయారు. ముగ్గురి శరీరాలు దొరకనే లేదు. ప్రభుత్వం మనిషికి తక్షణ సాయంగా నలభై వేల నేపాలీ రూపాయలు ప్రకటించింది. మన డబ్బుల్లో పాతిక వేలు! వాళ్లు మోసిన జాకెట్లలో ఒక్క జాకెట్టు కొనడానికి చాలదు అది. అదే సీజన్లో, మే 25న, మన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే టిబెట్ వైపు నుంచి ఎక్కింది. ఆ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పటికీ గర్వమే. ఆ తేదీ మనకి గుర్తుంది, అవతలివైపు ఏప్రిల్ 18 గుర్తులేదు. మన సన్మానాల ఫ్లెక్సీలైతే చెప్పనే అక్కర్లేదు. ఎమ్మెల్యేగారుంటారు, ఆయన కొడుకుంటాడు, కొడుకు స్నేహితులుంటారు. తాడు బిగించినవాడు ఏ మూలా ఉండడు.

ఆ పదహారు మంది పోయాక షెర్పాలు ఈ ఏడు ఎక్కం అనేశారు. సాహసవంతులందరూ బేస్ క్యాంపులోనే ఉన్నారు. డబ్బు కట్టారు, అనుమతి ఉంది, ఆత్మవిశ్వాసం టన్నుల కొద్దీ ఉంది. సామాన్లు సర్దుకుని వెనక్కి పోయారు. నేపాల్ వైపు నుంచి చైనా ఆవిడ ఒకరు మాత్రం ఐస్‌ఫాల్ మీదుగా హెలికాప్టర్లో రెండో క్యాంపు దాకా ఎగిరి, అక్కణ్ణుంచి ఎక్కింది. ఆవిడతో కూడా అయిదుగురు షెర్పాలున్నారు.