ఫేడౌట్ సామీ, నీకో దండం

వీడియో గేమ్ సంగీతం (ఓఎస్టీ) ఆల్బమ్‌లలో ప్రతి పాట చివరా సౌండును మెల్లమెల్లగా దించేస్తూ కాపురముండే ఫేడౌట్ సామికి, కడప నుంచి రాయునది ఏమనగా,

హరికథ దాసు కూడా మంగళం పాడి లేస్తాడు. నువ్వు మాత్రం పాట మంచి పట్టు మీదున్నప్పుడే చెప్పులు చేతిలో పట్టుకుని పెరటి తలుపున జారుకుంటావు.

తప్పంతా నీదే అనడంలేదులే. ఆటగాడు ఎప్పుడు గెలుస్తాడో, ఎప్పుడు చస్తాడో సంగీతం కట్టేవాడికి తెలియదు. అందుకే లూప్, అంటే ఒకే ముక్క ఆగకుండా మళ్లీ మళ్లీ తిరగడం. 1978లో స్పేస్ ఇన్వేడర్స్ నాలుగే స్వరాలను తిప్పితిప్పి వాయించింది, శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెంచింది. ఆటలో అది అందం. ఆల్బమ్ చేసేటప్పుడే వస్తుంది తంటా: ఎత్తుగడ ఒకసారి, లూప్ రెండుసార్లు, మూడో చుట్టు మొదలవగానే నిన్ను దించుతారు. ఆటలో ఊళ్లో తిరిగేటప్పటి పాటకైతే సరే. బాస్, అంటే పెద్ద శత్రువుతో పోరాడేటప్పటి పాటలో ఆ చుట్టు మొదలయ్యేదే డ్రమ్స్ దరువుతో! దరువు ఎక్కుతుంటే సౌండు దిగుతుంది. సంగటి ముద్ద నోటికాడికొచ్చి పళ్ళెంలోకి జారినట్టు.

నాలుగు బార్ల (తాళం చుట్ల) ముగింపు రాసి, ఆఖరి దెబ్బ మోత దానంతటదే చల్లారేదాకా రెండు మూడు సెకన్లు వదిలితే పోయేదానికి నువ్వెందుకు? లూప్ ఫైలు నుంచి ఆ మోతను కోసి తెచ్చుకోలేరు మరి. దాన్ని ముందే తెచ్చి లూప్ మొదట్లో కలిపేసుంటారు, అతుకు తెలియకూడదని. మళ్లీ పాట కట్టిన ప్రాజెక్టు తెరిచి కొత్తగా ఫైలు తీయాలి (రెండర్ చేయాలి). ఆ ఓపిక లేకే నీకు పిలుపు.

పోనీ, ముగింపే వద్దు, లూపునే రిపీట్‌లో వింటామంటే ఎంపీత్రీ ఇస్తారు. అది 1152 శాంపిళ్ల (సౌండు కొలతల) ఫ్రేములుగా తెగుతుంది, ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం అతుక్కుంటుంది. చాలా ప్లేయర్లలో చుట్టుకో ఎక్కిలి. నాణ్యత తగ్గని ఫ్లాక్ (FLAC) ఫైలు ఇస్తే ఆ బాధ ఉండదు. నీ చుట్టాలూ తక్కువోళ్లు కాదు: ఫైలు పేర్లకు 01 అని సున్నా పెట్టరు, 1 తర్వాత 10 మోగుతుంది. ఆట సగం కాకముందే 31వ పాట పేరే ‘తమ్ముడి చావు’ అని కథ బయటపెట్టేస్తుంది.

నిన్ను పూర్తిగా పొమ్మనడంలేదు. వాన పాటకు ఉండు, పది సెకన్లు తీరిగ్గా దిగు. బాస్ కాడికి మాత్రం రావద్దు. మే నెల కడపలో కూలర్ హోరుకు నీ ఆఖరి ఐదు సెకన్లు ఎట్లాగూ వినపడవు. వినేవాడు వాల్యూమ్ పెంచుతాడు. అంతలోనే తర్వాతి పాట తాళాలతో సహా చెవిలో పడుతుంది.

ఇట్లు,
హెడ్‌సెట్ తీసి చెవి రుద్దుకుంటున్న కడపవాళ్లు