బైకు హ్యాండిల్‌బార్ ఎత్తు పెంచితే అన్నీ సర్దుకుంటాయనే ఆ మెసేజ్‌కు జవాబు

మళ్ళీ అదే మెసేజ్. పంపేవాళ్ళు మంచి మనసుతోనే పంపుతున్నారు, అందులో సందేహం లేదు. రోజంతా బైకు మీద ఉంటే వేళ్ళు తిమ్మిరెక్కుతాయని, మెడ పట్టేస్తుందని వాళ్ళకీ తెలుసు. కానీ పంపే ముందు ఒక్కసారైనా చివరిదాకా చదవాలి కదా. అందులో ఉన్నది ఇదీ: బార్ ఎంత ఎత్తైతే అంత సుఖం. ఏ బార్ అయినా ఏ బైకుకైనా పడుతుంది. లావు బార్ వేస్తే వైబ్రేషన్ పోతుంది. నల్ల బార్ ఎండకు కాలుతుంది, వెండి రంగుదే కొనాలి. స్విచ్చుల లోపలి పిన్ను అరగదీస్తే బార్‌కు రంధ్రం వేసే బాధ ఉండదు. బోల్టులు ఎంత బిగిస్తే అంత భద్రం. కేబుళ్ళు, బ్రేకు హోసు మార్చక్కర్లేదు, "కాస్త లాగితే అందుతాయి". మొత్తం అరగంట పని. పాత బార్ మాత్రం పారెయ్యకండి.

రంగు సంగతి: చెయ్యి ఉండేది గ్రిప్పు మీద. అయిపోయింది.

ఏ బార్ అయినా పడుతుందన్న మాట: గ్రిప్పు ఎక్కే చోట చాలా బార్లు 22.2 మిల్లీమీటర్లు, కొన్ని క్రూయిజర్లవి 25.4. తేడా అంతా క్లాంపు (బార్‌ను బైకుకు బిగించే పట్టు) పట్టే నడుమ భాగంలో ఉంటుంది. అక్కడ 22.2, 25.4, 28.6 అన్నీ ఉన్నాయి. సన్న బార్‌కు రేకు ముక్క చుట్టి పెద్ద క్లాంపులో బిగిస్తే నిలబడినట్టే ఉంటుంది. పెద్ద గుంతలో ముందుచక్రం పడి, మీ బరువంతా చేతుల మీదికి వచ్చిన క్షణాన బార్ క్లాంపులో తిరిగిపోతుంది. కొలత తేడా ఉంటే సరైన క్లాంపు కొనండి, లేదా ఆ కొలతకే చేసిన స్లీవు వాడండి. క్లాంపు సరిపోయినా వెడల్పు, వెనక్కి వంపు చూడాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు గ్రిప్పుకూ ట్యాంకుకూ మధ్య బొటనవేలు నలగనంత సందు ఉండాలి. ఫెయిరింగ్ (గాలిని తప్పించే ముందు తొడుగు) ఉన్న బైకుల్లో లివరు వెళ్ళి విండ్‌స్క్రీన్‌కు తగులుతుంది కూడా.

లావు బార్, వైబ్రేషన్ మాటలో కొంత నిజం ఉంది, కానీ కారణం తప్పు. లావు బార్ గట్టిగా ఉంటుంది, పడ్డప్పుడు త్వరగా వంగదు. వైబ్రేషన్ మాత్రం తగ్గొచ్చు, పెరగొచ్చు, మీరు ఎక్కువసేపు నడిపే వేగానికే వచ్చి కూర్చోవచ్చు. ప్రతి బార్‌కూ తనదైన కంపన వేగం ఉంటుంది, ఇంజను తిరిగే వేగం దానితో కలిస్తే చేతులు జివ్వుమంటాయి. కంపెనీ బార్ చివర్లలో, కొన్నిట్లో గొట్టం లోపల కూడా, బరువులు పెట్టేది ఆ కలయికను తప్పించడానికే. కొత్త బార్ వేసి ఆ బరువులు పక్కన పడేస్తే వైబ్రేషన్ ఎందుకు పెరిగిందని ఆశ్చర్యపోవడం దేనికి? అల్యూమినియం బార్ గోడ మందంగా ఉంటుంది, లోపలి రంధ్రం చిన్నది. స్టీలు బార్‌లోని బరువు అందులోకి పోదు. ఆ రంధ్రానికి సరిపడే బార్ ఎండ్లు (చివర బిగించే బరువులు) ముందే కొనిపెట్టుకోవాలి. అవి బిగించాక యాక్సిలరేటర్ గ్రిప్పుకూ బార్ ఎండుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. రెండూ రాసుకుంటే గ్రిప్పు వదిలినా యాక్సిలరేటర్ వెనక్కి రాదు.

ఇక "ఎంత ఎత్తైతే అంత సుఖం". ఎత్తు పెరిగితే నడుం నిటారుగా నిలుస్తుంది, నిజమే. నిటారుగా కూర్చున్నవాడికి గుంత దెబ్బ సీటు నుంచి నేరుగా వెన్నుపూసల్లోకి ఎక్కుతుంది. కాస్త ముందుకు వంగినప్పుడు నడుం ఆ దెబ్బను మింగుతుంది. పైగా ఛాతీ గాలికి ఎదురవుతుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, గంటకు 80 కిలోమీటర్ల నుంచి 110కి పోతే దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు శరీరం వెనక్కి పోకుండా బార్ పట్టుకుని వేలాడాలి, భుజాలు బిగుసుకుంటాయి. వేళ్ళ తిమ్మిరి పోవాలని బార్ ఎత్తితే మెడ నొప్పి కొత్తగా వస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇలాంటి పనికే. ఎత్తు పెరిగిన కొద్దీ బరువు వెనక్కి జరిగి ముందుచక్రం తేలికవుతుంది. వెనక పెట్టెలు, మనిషి కూడా ఉంటే హైవే వేగంలో బైకు మెల్లగా అటూ ఇటూ ఊగడానికి ఇది తోడవుతుంది. బార్ వెడల్పు కూడా పెంచితే, గాలికి శరీరం కదిలిన ప్రతిసారీ ఆ కదలిక స్టీరింగ్‌లోకి దిగుతుంది.

మెసేజ్ రాసినవాళ్ళకు ఇంకొకటి తట్టలేదు: రైజరు, అంటే బార్ కింద పెట్టి ఎత్తు పెంచే దిమ్మ, బార్‌ను ఎత్తడంతో ఆగదు, దగ్గరికి కూడా తెస్తుంది. ఫోర్కు (ముందుచక్రాన్ని పట్టే జంట గొట్టాలు) వాలు 25 డిగ్రీలనుకుందాం. ఆ వాలు వెంబడి 30 మిల్లీమీటర్ల రైజరు పెడితే బార్ సుమారు 27 పైకి, 13 వెనక్కి వస్తుంది. పొడుగు చేతులవాళ్ళకు ఆ 13 మిల్లీమీటర్లే ఇబ్బంది, మోచేతులు మరీ మడతపడతాయి.

అసలు తిమ్మిరి ఏ వేళ్ళకు అన్నది ఎవరూ అడగరు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారితే చాలాసార్లు మణికట్టు వెనక్కి వంగి ఉందని అర్థం. అది లివర్ల కోణం వల్ల. లివరు మరీ పైకి చూస్తుంటే వేళ్ళు దాని మీద వేసినప్పుడల్లా మణికట్టు విరిగినట్టు వంగుతుంది. లివరు క్లాంపు వదులు చేసి, మామూలుగా కూర్చుని, ముంజేయి, మణికట్టు, వేళ్ళు ఒకే గీతలోకి వచ్చేలా తిప్పి బిగిస్తే సరి. పైసా ఖర్చు లేదు. చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారితే అరచేతి బయటి అంచు మీద ఒత్తిడి పడుతోంది, లేదా మోచెయ్యి మరీ మడిచి ఉంది. ఈ రెండోదానికి బార్ దగ్గరికి తెస్తే ఇంకా ఎక్కువవుతుంది. సీటు ముందుకు వాలి ఉంటే మీరు జారి జారి చేతుల మీద ఆగుతారు, దానికి సరిచెయ్యాల్సింది సీటునే.

బోల్టులు: చాలా బైకుల్లో బార్ క్లాంపు ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల లోపు చెబుతారు, మీ బైకు మాన్యువల్‌లో ఏముంటే అదే లెక్క. అవి దిగేది అల్యూమినియంలోకి. "ఇంకొంచెం" అని బిగిస్తే మర పోతుంది, లేకపోతే క్లాంపు అంచు బార్‌లోకి దిగి గీత పడుతుంది, అల్యూమినియం బార్ పగులు మొదలయ్యేది ఆ గీత దగ్గరే. కొన్ని క్లాంపుల్లో ముందు బోల్టులు పూర్తిగా బిగించి వెనక సందు వదలాలి, కొన్నిట్లో రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. క్లాంపు మీది గుర్తు, బార్ మీది చుక్క చూసుకోండి. రైజరుతో వచ్చే పొడుగు బోల్టు కనీసం 12 మిల్లీమీటర్లు మరలోకి దిగాలి. రైజరు మీద రైజరు పేర్చడం మాత్రం వద్దే వద్దు.

పిన్ను అరగదీయడం. ఇది రాసినవాళ్ళు ఆ పిన్ను అక్కడ ఎందుకుందో ఒక్క నిమిషం ఆలోచించారా? స్విచ్చుల డబ్బా, యాక్సిలరేటర్ హౌసింగ్ బార్ మీద తిరిగిపోకుండా ఆపేది అదే. అది లేకపోతే పట్టు అంతా రెండు చిన్న స్క్రూల మీద పడుతుంది. వర్షంలో హౌసింగ్ కాస్త జారినా దానితోపాటు యాక్సిలరేటర్ కేబుల్ కదులుతుంది. రంధ్రం వేయడం కష్టమేమీ కాదు. అన్నీ వదులుగా బిగించి, కూర్చుని, చేతులకు కుదిరిన చోట గుర్తు పెట్టండి. పిన్నుకు సరిపడే రంధ్రం, సాధారణంగా 4 లేదా 5 మిల్లీమీటర్లది, ఒక్క గోడకే వేయండి, అవతలి వైపుకు పోనివ్వకండి. అంచులు నున్నగా చెయ్యండి, రజను దులిపెయ్యండి.

ఇప్పుడు అసలు విషయానికి. "కేబుళ్ళు కాస్త లాగితే అందుతాయి" అన్న ఆ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాయాల్సి వచ్చింది. కేబుల్ రబ్బరు కాదు. బైకు నిలబెట్టి, హ్యాండిల్ తిన్నగా ఉంచి చూస్తే అన్నీ అందినట్టే ఉంటాయి. హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పితే కుడి గ్రిప్పు ముందుకు పోతుంది, యాక్సిలరేటర్ కేబుల్ బిగుస్తుంది, గ్రిప్పు కదపకుండానే ఇంజను వేగం పెరుగుతుంది. ఎప్పుడు? బండి వెనక్కి తిప్పుకుంటూ, కాలు నేలకు దగ్గరగా పెట్టి, అతి మెల్లగా వెళ్తున్నప్పుడు. సామానుతో రెండువందల యాభై కిలోల పైబడ్డ బైకు ఆ క్షణాన ముందుకు ఉరికితే ఆపేదెవరు? మెసేజ్ రాసినవాళ్ళు వచ్చి పట్టుకుంటారా?

క్లచ్ కేబుల్ బిగిస్తే ప్రమాదం నెమ్మదిగా వస్తుంది. లివరుకు ఉండాల్సిన వదులు పోతుంది, క్లచ్ పూర్తిగా పట్టదు, ప్లేట్లు కాలిపోతాయి. వైరింగ్ ఇంకా మోసం చేస్తుంది. పై తొడుగు బాగానే కనిపిస్తుంది, స్టీరింగ్ మెడ దగ్గర లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతుంటాయి. నెలలు గడిచాక ఓ మలుపులో ఇంజను ఆగిపోతుంది, హ్యాండిల్ తిన్నగా చెయ్యగానే మళ్ళీ స్టార్టవుతుంది. యాక్సిలరేటర్‌కు కేబుల్ లేని ఎలక్ట్రానిక్ బైకుల వాళ్ళు "మాకా బాధ లేదు" అనుకోకండి, మీకు అక్కడ ఉన్నది సెన్సరు తీగ, అదీ తెగుతుంది.

బ్రేకు హోసు మాట వేరే చెప్పాలా? లాగిపట్టిన హోసు చివర బిగింపు దగ్గర అలిసి పగులుతుంది. పరీక్ష ఇలా: ముందుచక్రం నేలకు తగలకుండా లేపి, ఫోర్కు పూర్తిగా సాగనిచ్చి, హ్యాండిల్ రెండు వైపులా చివరికంటా తిప్పండి. ఏ హోసూ, కేబులూ, వైరూ లాగినట్టు బిగుసుకోకూడదు, ఫోర్కుకూ ఫ్రేముకూ మధ్య నలగకూడదు. తర్వాత ఇంజను స్టార్టు చేసి ఐడిలింగ్‌లో మళ్ళీ తిప్పండి. శబ్దం రవ్వంత మారినా పని పూర్తికానట్టే.

పొడుగు హోసు వెయ్యాల్సి వస్తే ఎత్తు తేడాను బట్టి లెక్క కట్టకండి. కొత్త బార్ బిగించి, ఎక్కువ దూరమయ్యే వైపుకు తిప్పి, హోసు నడిచే దారిలో ఒక మెత్తటి తీగ పోనిచ్చి కొలవండి. హోసు చివరను మాస్టర్ సిలిండర్‌కు (లివరు దగ్గర బ్రేకు ఒత్తిడి పుట్టించే భాగం) బిగించే బోలు బోల్టును బాంజో బోల్టు అంటారు, దాని మర ఎం10లోనే 1.0, 1.25 మిల్లీమీటర్ల ఎడంతో రెండు రకాలుంటాయి. తప్పుది రెండు చుట్లు ఎక్కి మాస్టర్ సిలిండర్ మరను తినేస్తుంది. ఒక్కో బాంజోకు రెండు వాషర్లు, ప్రతిసారీ కొత్తవి. డాట్ 4 రకం బ్రేకు ఫ్లూయిడ్ చెప్పిన బైకులో డాట్ 5 పోయకండి, అది సిలికాన్ ఫ్లూయిడ్. డాట్ 5.1 వేరు, అది కలుస్తుంది. హోసులోంచి గాలి తీసేటప్పుడు హ్యాండిల్ తిప్పి మాస్టర్ సిలిండర్ అన్నిటికంటే ఎత్తులో ఉండేలా చూడండి. బుడగ చేరేది అక్కడి బాంజోలోనే. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) యూనిట్‌లోకి గాలి పోతే కొన్ని బైకుల్లో స్కానర్ పెట్టి పంపు తిప్పితే తప్ప రాదు. బార్ కోణం మారితే ఫ్లూయిడ్ డబ్బా కూడా వాలుతుంది, దాన్ని సమంగా తిప్పి బిగించాలి. ఇదంతా అరగంటలో ఎలా అవుతుంది? తీరుబడిగా చేస్తే ఒక పూట పడుతుంది.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. 15 నుంచి 25 మిల్లీమీటర్ల రైజరుకు చాలా టూరింగ్ బైకుల్లో కేబుళ్ళు మార్చే పని నిజంగానే ఉండదు. కంపెనీ వాళ్ళు వదిలిన అదనపు పొడుగు క్లిప్పుల వెనక మడిచి ఉంటుంది, క్లిప్పు తీసి దారి మార్చితే చాలు. లాగడం వేరు, దారి మార్చడం వేరు. పైన చెప్పిన పరీక్షలో నెగ్గితే నిశ్చింతగా నడపండి.

పాత బార్ పారెయ్యొద్దన్న చివరి మాట కూడా సరైనదే. గ్రిప్పు చివరి నుంచి పిన్ను రంధ్రం ఎంత దూరంలో ఉందో, లోపలి బరువు ఎక్కడ కూర్చుందో కొలుచుకోవడానికి అదే ఆధారం. కొత్తదానికి డ్రిల్లు పెట్టే ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.