అవును, నాది మోషన్స్ రీసెర్చే. అయితే?

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూప్‌లో పెద్దమ్మ కొడుకు మెసేజ్. ఇంట్లో ముగ్గురికీ రాత్రి నుంచి వాంతులు, విరేచనాలట. "చెల్లీ, నీది ఈ డిపార్ట్‌మెంటే కదా, మంచి యాంటీబయాటిక్ పేరు చెప్పు" అన్నాడు. ఇది వైరస్‌లా ఉంది అన్నయ్యా, యాంటీబయాటిక్ పనిచేయదు, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించు, ఎవరికైనా మూత్రం తగ్గినా మగతగా ఉన్నా వెంటనే డాక్టర్‌కి చూపించు అని పద్ధతిగా రాశా. దానికి ఆయనగారి జవాబు: "ఉప్పు చక్కెర నీళ్ళు చెప్పడానికి పదిహేనేళ్ళు చదివావా? మోషన్స్‌కి కూడా పీహెచ్‌డీ!" కింద పదకొండు నవ్వు ఎమోజీలు. లెక్కపెట్టా. అందులో ఒకటి మా అమ్మది.

గుండె మీద పనిచేస్తే గొప్పవాళ్ళు, మెదడు మీద చేస్తే మేధావులు, పేగుల మీద చేస్తే మాత్రం ముక్కు మూసుకుని పక్కకి జరుగుతారు. అదే పేగులు ఒక్క రాత్రి మొరాయిస్తే పొద్దున ఆరింటికే మేం గుర్తొస్తాం!

మెల్‌బోర్న్ అంటే మీకు క్రికెట్ గ్రౌండ్ తెలుసు. 1973లో అక్కడే రూత్ బిషప్ అనే శాస్త్రవేత్త, ఆవిడ తోటివాళ్ళు విరేచనాలతో ఆస్పత్రికొచ్చిన పసిపిల్లల చిన్నపేగు నుంచి తీసిన పిసరంత ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, రోటావైరస్‌ని పట్టుకున్నారు. బండిచక్రంలా గుండ్రంగా ఉంటుందని ఆ పేరు. ఇన్ని లక్షలమంది పిల్లల ప్రాణాలు తీసిన వైరస్‌ని పట్టిచ్చినావిడ పేరు మీలో ఎంతమంది విన్నారు? పోనీ, వదిలేయండి.

ఆల్బర్ట్ కపికియన్ అని ఇంకో శాస్త్రవేత్త, ఆయన సంగతి తలుచుకుంటే నాకు ఇంకా కడుపు రగులుతుంది. 1968లో అమెరికాలోని నార్వాక్ అనే ఊళ్ళో బడిపిల్లలు వరసగా వాంతులతో పడిపోయారు. జబ్బుకి కారణమేంటో తేల్చడానికి రోగుల మలం నీళ్ళని వడకట్టి వాలంటీర్లు తాగారండీ, అవును, తాగారు, మీరు ఇప్పుడు మొహం చిట్లించారే, అందుకే ఈ పోస్ట్. ఆ నమూనాల్లోంచే 1972లో కపికియన్ ఇప్పుడు మనం నోరోవైరస్ అంటున్నదాన్ని చూశాడు. కోలుకున్నవాళ్ళ రక్తంలోని యాంటీబాడీలు కలిపితే వైరస్ కణాలు గుంపుగా అతుక్కుని కళ్ళబడ్డాయి. తర్వాత ఏళ్ళకి ఏళ్ళు రోటావైరస్ టీకా మీద కూర్చున్నాడు. 1998లో ఆమోదం వచ్చింది. 1999లో వెనక్కి తీసుకున్నారు, కొద్దిమంది పసివాళ్ళలో పేగు పేగులోకి చొచ్చుకుపోతోందని. తీయడం తప్పని నేననను. కానీ ఆ రోజు ఇంటికెళ్ళి ఆ మనిషి అన్నం ఎలా తిన్నాడో! అమెరికాలో తర్వాతి టీకా 2006కి గానీ రాలేదు.

ఇక నా నోరోవైరస్. కనిపెట్టిన 44 ఏళ్ళ వరకూ మనిషి నోరోవైరస్‌ని ల్యాబ్‌లో సరిగ్గా పెంచడమే ఎవరి వల్లా కాలేదు. 2016లో మేరీ ఎస్టెస్ ల్యాబ్ మనిషి పేగు మూలకణాలతో చిట్టి పేగులు పెంచి వాటిలో సాధించింది, అందులోనూ కొన్ని రకాలు పిత్తరసం వేస్తేగానీ పెరగలేదు. ఎంత టెక్కు చూడండి. ఇంత టెక్కున్న వైరస్ మీకు చులకన.

బయటివాళ్ళని అనడమెందుకు, సైన్సు లోపలే మాకు విలువ లేదు. ఒక కాన్ఫరెన్స్‌లో నా టాక్ లంచ్‌కి ముందు పడింది. నిర్వాహకుడు వచ్చి "మేడమ్, భోజనం ముందు మీ టాపిక్ వద్దండీ" అని చివరికి తోశాడు. చివరికి మిగిలింది నేనూ, మైకులు సర్దుకునే అబ్బాయీ, ఇంకా ఇద్దరు.

ఫ్రీజర్ గొడవ అంతకంటే పాతది. మా ల్యాబ్‌లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు పక్కపక్కన రెండు. ఒకటి ఊపిరితిత్తుల టీమ్‌ది, ఒకటి మాది, మాదాని తలుపు మీద ఎవరో ముక్కు మూసుకున్న బొమ్మ కూడా అంటించారు. శనివారం రాత్రి కరెంటు పోయింది. డ్యూటీలో ఉన్నతను వాళ్ళ ఫ్రీజర్ ప్లగ్గు జనరేటర్ లైన్‌కి మార్చాడు. మాది మార్చలేదు. సోమవారం తలుపు తీస్తే ఆరేళ్ళుగా పోగుచేసిన పిల్లల మలం శాంపిళ్ళు, ఒక్కో గొట్టం మీద నా చేతిరాతతో రాసిన తేదీ తడిసి అలుక్కుపోయి... "మలమే కదా మేడమ్, మళ్ళీ దొరుకుతుంది" అన్నాడు. ఆ పిల్లలు ఆ వయసులో, ఆ జబ్బుతో మళ్ళీ దొరుకుతారా నాయనా? నేనేమీ అనలేదు. తలుపు మీద బొమ్మ పీకి పర్సులో పెట్టుకున్నా. ఇప్పటికీ ఉంది.

ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో వచ్చా. సరే, అన్నయ్యకి ఆఖరుగా ఇంకొకటి రాశా: చేతులు సబ్బూ నీళ్ళతో బాగా రుద్ది కడుక్కోండి, నోరోవైరస్‌కి పైన శానిటైజర్ కరిగించే కొవ్వు పొర ఉండదు, కాబట్టి శానిటైజర్‌ని నమ్ముకోవద్దు, వాంతి పడ్డచోట బ్లీచ్ నీళ్ళతో తుడవండి అని.

ఇప్పుడే రిప్లై వచ్చింది. "థ్యాంక్స్ చెల్లీ, పెద్ద శానిటైజర్ డబ్బా తెచ్చేశా."